గంగామణి ఒడి జప్తు

పిల్లికి షుగర్ ఉందని తేలిన మర్నాడు పొద్దున్నే పురపాలక సంఘం వాళ్ళు వచ్చి గంగామణి ఒడిని జప్తు చేసుకుపోయారు. ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో టేపు, ఇంకొకడి భుజాన తెల్లగుడ్డ. ఆమెను చాప మీద కూర్చోమన్నారు. నడుము నుంచి మోకాళ్ళ దాకా కొలిచారు. ఒడిని మడతలు పెట్టి గుడ్డలో చుట్టి, పైన పేరు రాసిన అట్టముక్క కట్టారు. నొప్పేమీ లేదు. గంగామణి చాయ్ పెట్టి ఇస్తే తాగి, రసీదు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ ఊళ్ళో ఇది వింతేమీ కాదు. రోజూ సూది గుచ్చే చెయ్యి, నిమిరే ఒడి ఒకే మనిషికి ఉండకూడదని అక్కడ రూలు. ఉంటే రోగికి తికమక పుడుతుందట, తిండి మానేస్తుందట, షుగర్ అదుపు తప్పుతుందట. సూది ఇంటివాళ్ళే వెయ్యాలి, దానికి జీతం లేదు గనక. నిమరడం మాత్రం సర్కారు ఉద్యోగం. దానికి పరీక్ష ఉంది, ప్రమోషన్ ఉంది, దసరాకి సెలవులున్నాయి. ఈ రూలు రాసినవాడెవడో గానీ, బతుకులో ఒక్కరికి కూడా మందు తాగించి ఉండడు.

గంగామణి బీడీలు చేస్తుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె, పిల్లి. పని చెయ్యకుండా తిని పడుకుంటాడని పిల్లికి సావుకారి అని పేరు పెట్టింది. తంబాకు చాట ఒడిలో పెట్టుకుని ఆమె ఆకు చుట్టడం మొదలుపెట్టగానే వాడు ఎక్కడున్నా వచ్చి, చాట అంచు కింద తల దూర్చి, నెట్టుకుంటూ ఎక్కేవాడు. ఆమె చాటను ఒక మోకాలి మీదికి జరిపి, రెండోది వాడికి ఇచ్చేది. అట్లా ఒరిగి కూర్చుని చుట్టిన బీడీలు కాస్త వంకర వచ్చేవి. కార్ఖానాలో ఏరి పారేసేవాళ్ళు. పారెయ్యనిమ్మని ఊరుకునేది.

ఆ వానాకాలం వాడు కడవలోని నీళ్ళు, బకెట్‌లోని నీళ్ళు, చూరు కింద గుంటలో నీళ్ళు అన్నీ తాగడం మొదలుపెట్టాడు. వెన్నుపూసలు తేలాయి. వెనక కాళ్ళు ఈడుస్తూ నడిచాడు. బర్ల దవాఖానాకి సంచిలో వేసుకుపోతే పశువుల డాక్టరు చెవి మీద గుచ్చి రక్తం చూశాడు.

"షుగరే పెద్దమ్మా. పొద్దున ఒకటి, సందెల ఒకటి సూది వెయ్యాలె. ఇడిసిపెడితే బతకడు."

"నాకు లేని షుగరు వీనికెట్లొచ్చె సారూ?"

"నీకు లేదని ఎవరన్నరు? ఎన్నడన్న చూపిచ్చుకున్నవా?"

సూది ఎట్లా పట్టాలో, మెడ వెనక తోలు ఎట్లా ఎత్తాలో చూపించి, మందు సీసాను తడిగుడ్డ చుట్టి కొత్త కుండలో పెట్టుకోమన్నాడు. రూలు ప్రకారం ఆ సాయంత్రమే పురపాలక సంఘానికి కబురు పెట్టాడు.

ఒడి పోయాక గంగామణి కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి. నడుస్తుంది, లేస్తుంది. కూర్చుంటే మాత్రం ఒడి ఏర్పడదు. పెట్టిన చాట జారి నేల మీద పడుతుంది. పీట మీద చాట పెట్టుకుని వంగి చెయ్యడం నేర్చుకుంది. నడుం పట్టేసింది.

ఆమె ఒడి భూమేశ్వర్ అనే నిమురుడు గుమాస్తాకి కేటాయించారు. రెండు పూటలా సూది పడ్డాక కాసేపటికి అతను సైకిల్ దిగి, అరుగు మీద కుర్చీ వేసుకుని, సంచిలోంచి ఒడి తీసి ప్యాంటు మీద పరుచుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లులంటే పడదు, తుమ్ములొస్తాయి. అయినా ముక్కుకి రుమాలు కట్టుకుని, రూలులో ఉన్నట్టు తల నుంచి తోక దాకా నిమిరేవాడు. సావుకారి ఎక్కి, ముందుకాళ్ళతో పిసికి, చుట్టచుట్టుకుని గురగురమనేవాడు. ఎందుకు ఎక్కడు? ఆ ఒడికి తంబాకు వాసన ఉంది. చాట అంచు ఒరుసుకుపోయిన పల్లం ఉంది. ఆ పల్లంలో వాడి నడుము సరిగ్గా ఇమిడేది.

గంగామణి గోడకి ఆనుకుని నిలబడి చూసేది. ఆ బరువు ఆమెకి తెలుసు. మొదట తేలిగ్గా ఉండి, నిద్ర పట్టేకొద్దీ బరువెక్కి, తొడ తిమ్మిరెక్కినా కదలనివ్వని బరువు. ఇప్పుడు మోయడానికి చోటే లేదు. ఆకలి ఉండి నోరు లేనట్టుంది ఆమె పని.

ఒకరోజు అడిగింది, "సారూ, మీరు సూదెయ్యుండ్రి. నేను ఎత్తుకుంట."

భూమేశ్వర్ కోపగించుకోలేదు. "గట్లయితే నేను ఇంటిమనిషినైత, నువ్వు గుమస్తవైతవ్. నువ్వు పరీక్ష పాస్ కాలేదు గదమ్మా," అన్నాడు. అందులో తప్పేమీ కనిపించలేదు ఆమెకి.

గోడవతల అనసూర్య ఉంటుంది. మంచం పట్టిన అత్తకి మందులు తాగించేది, ఒళ్ళు తుడిచేది ఆమే. జప్తువాళ్ళు ఆ ఇంటికి కూడా పోయారు. టేపు పట్టి చూస్తే కొలవడానికి ఒడి లేదు. అంతకు ముందే పోయింది, ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ఎప్పుడో పండక్కి వచ్చే ఆడబిడ్డ ఒడిలో అత్త తల పెట్టుకుని ఏడుస్తుందని మాత్రం చెప్పింది. వాళ్ళు పనేమీ లేదని రాసుకుని వెళ్ళిపోయారు.

గంగామణి ఊరుకునే రకం కాదు. బీడీ కార్మికుల ధర్నాల్లో ముందు కూర్చున్న మనిషి. ఒడుల విభాగానికి పోయి, బల్ల ముందు నిలబడి, నా ఒడి నాకు రావాలంటే ఏం చెయ్యాలని అడిగింది. రెండు దార్లు చెప్పారు. సూది మానెయ్యాలి, లేదా పిల్లి ఆ ఒడి ఎక్కడం మానెయ్యాలి. పిల్లి ఎక్కని ఒడిని సర్కారు ఉంచుకోదు.

మొదటి దారిలో సావుకారి చస్తాడు. రెండో దారి గురించి ఆలోచిస్తూ ఇంటికొచ్చింది. కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. చెడ్డ బీడీ ఎవరి చాటలో దొరికితే తప్పు వాళ్ళది, ఎవరు చుట్టారని ఎవరూ అడగరు. ఏళ్ళ తరబడి ఆ పద్ధతి కింద మాటలు పడ్డది గంగామణి. అందుకే ఆమెకి ఆ లెక్కే తోచింది. నొప్పి భూమేశ్వర్ దగ్గర దొరికితే నొప్పి భూమేశ్వర్‌దే అవుతుందనుకుంది.

మర్నాటి నుంచి సూది ముందు వెయ్యలేదు. గుమాస్తా వచ్చి, సావుకారి ఎక్కి, కళ్ళు మూసుకుని గురగురమన్నాక, వెనక నుంచి వచ్చి గుచ్చింది. భూమేశ్వర్ చూసి, ఏ వేళకి వెయ్యాలో రూలులో ఉంది గానీ ఎక్కడ వెయ్యాలో లేదని తుమ్మి ఊరుకున్నాడు. కొన్నాళ్ళు సావుకారి ఎక్కాడు, ఉలిక్కిపడి దూకాడు, మళ్ళీ ఎక్కాడు. తర్వాత ఎక్కడం మానేశాడు. కుర్చీ చప్పుడైతే చాలు, గోడ దూకిపోయేవాడు. గుమాస్తా నిజాయితీగా ఆ మాటే రాసిచ్చాడు. ఒడి పనికిరాదని తేల్చి, ఉతికి మరీ తిరిగిచ్చారు.

గంగామణి చాప మీద కూర్చుని ఒడి పరుచుకుంది. కొంచెం బిగుసుకుపోయింది గానీ ఆమెదే, సరిపోయింది. చాట పక్కన పెట్టి, చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని పిలిచింది. సావుకారి గడప మీద నుంచి చూశాడు. వచ్చాడు. వాసన చూశాడు. ముందుకాలు ఒకటి ఆమె మోకాలి మీద పెట్టాడు. అక్కడే కాసేపు ఆగి, కాలు తీసుకుని, పోయి నీళ్ళకడవ పక్కన పడుకున్నాడు.

వాడు భయపడింది గుమాస్తాకి కాదు, ఒడికి. ఒడి ఎవరిదో ఆమె మరిచిపోయింది. వాడు మరవలేదు.

ఆమె చాలా రోజులు అట్లాగే ఖాళీ ఒడితో కూర్చుంది. పని ఆగింది. చివరికి చాట తెచ్చి ఒడిలో మధ్యగా పెట్టుకుంది. బీడీలు వంకర లేకుండా వస్తున్నాయి. కార్ఖానా వాళ్ళకి నచ్చింది, నచ్చక ఏం చేస్తుంది.

సావుకారికి షుగర్ అదుపులో ఉంది. ఒళ్ళు చేశాడు. వెనక కాళ్ళు నిలిచాయి, గోడలెక్కుతున్నాడు. సూది పడ్డాకే గిన్నె వస్తుందని తెలిసి, ఆ వేళకి తనే వచ్చి ఆమెకి వీపు తిప్పి కూర్చుంటాడు. ఆమె రెండు వేళ్ళతో మెడ వెనక తోలు ఎత్తుతుంది. వెచ్చగా, వదులుగా, మెత్తగా వస్తుంది. గుచ్చడం అయిపోయాక కూడా వెంటనే వదలదు. వాడు కూడా గిన్నె కనిపించేదాకా ఊరుకుంటాడు. ఈ పట్టుకోవడం మీద రూలేమీ రాలేదు ఇంకా.

మొన్న గోడవతల నుంచి అనసూర్య అడిగింది, "వస్తుండా అక్కా దగ్గరికి?"

"వస్తుండు. సూది యాళ్ళకు."

"మా అత్త గూడ గంతే. గుడ్డలు మార్చే యాళ్ళకే నా పేరు యాదికొస్తది."

గంగామణి చేతిలో ఉన్న ఆకు చుట్టి, దారం వేసి, చాటను దించి కింద పెట్టింది. తంబాకు వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, కుండలోంచి సీసా తీసి సూది సిద్ధం చేసుకుని కూర్చుంది. వేళకి ఇంకా చాలాసేపుంది.