జారే బండకు జేజేలు

ముంబై కామాటిపురలోని మన తెలుగు చాల్‌లో, ఆ ఇరుకు గదుల మేడలో, కాపురాలను నిలబెడుతున్నది తాళిబొట్లు కాదు, పెద్దమనుషులు అంతకన్నా కాదు. రెండో అంతస్తులో, ఉమ్మడి నల్లా కింద పాచి పట్టిన షాబాద్ బండ! నవ్వకండి, రుజువులున్నాయి.

కిష్టమ్మనే చూడండి. పాలమూరు పల్లె నుంచి కాపురానికొచ్చిన ఈ పదేళ్లలో ఆ బండ మీద ఎన్నిసార్లు జారిపడిందో ఆమెకే గుర్తు లేదు. ఒకసారి పెదవి చిట్లింది. ఇంకోసారి మణికట్టు విరిగింది. మరోసారి చెంప మీద ఐదు వేళ్లు తేలాయి. బండకు వేళ్లెక్కడివని డాక్టరు అడిగాడా? లేదు. జారిపడిందని చీటీలో రాసి, మందులిచ్చి పంపాడు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు!

ఆ బండ తెలివే తెలివి. పీకల దాకా తాగి తూలుతూ వచ్చిన మగవాడు దాని మీద కాళ్లు కడుక్కుని నిక్షేపంగా గదికి పోతాడు. కాసేపటికి జారేది అతని భార్య, అదీ గదిలో, తలుపులు వేసి ఉండగా! ఇంత దూరం పనిచేసే బండ ఇంకెక్కడైనా ఉందా?

ఊళ్లో కిష్టమ్మ తల్లికి ఈ సౌకర్యం లేదు. పాపం, ప్రతిసారీ గడప తట్టుకునే పడాల్సి వచ్చేది. పట్నం వస్తే ఆడవాళ్ల బతుకు బాగుపడుతుందని ఊరికే అంటారా?

అలాంటి బండ ఒక్క పొరపాటు చేసింది. చాల్ కమిటీ ప్రెసిడెంట్ ముత్తయ్యను నిజంగానే పడేసింది. ఆడవాళ్లు పదేళ్లుగా పడుతున్నా కదలని కమిటీ రెండు రోజుల్లో కదిలింది.

బండ తీసి టైల్స్ వేసే పని కిష్టమ్మ భర్త నర్సింహులుకే అప్పగించారు. వర్లిలో పెద్దపెద్ద టవర్లకు పనిచేసిన మేస్త్రీ. తన పనికి వంక పెడితే ఊరుకోడు. గరుకు టైల్స్ పరిచి, సబ్బునీళ్లు పోసి, చాల్ అంతా చూస్తుండగా నడిచి చూపించాడు. దీని మీద ఉరికినా ఎవరూ జారరని, అందుకు తనదే జవాబ్‌దారీ అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, కిష్టమ్మ తప్ప. ఆమెకున్న ఒకే ఒక్క అబద్ధాన్ని మొగుడు సిమెంటు పెట్టి పూడ్చేశాడు. ఇక ఏం చెప్పుకోవాలో తెలియక ఆమెకు భయం పట్టుకుంది.

మూడో రోజు పొద్దున వాచిన కన్నుతో, బిందెతో నల్లా దగ్గరికొచ్చింది. ముత్తయ్య అలవాటు కొద్దీ దయగా మాట అందించాడు.

"ఏం బిడ్డ, మళ్ల జారి పడ్డవా?"

కిష్టమ్మ నోరు తెరిచింది. కాళ్ల కింది టైల్స్ చూసింది. పక్కనే పళ్లు తోముకుంటున్న మొగుణ్ణి చూసింది.

"ఆయన్నే అడుగు పెద్దనాయినా. ఈడ ఎవలన్న జారుతరా?"

నర్సింహులు చిక్కులో పడ్డాడు. జారతారంటే పనికి చెడ్డపేరు, జారరంటే తనకు చెడ్డపేరు. చివరికి అతనిలోని మేస్త్రీయే గెలిచాడు.

"నేనేసిన టైల్స్ మీద ఎవలు జారరు."

"నేను జారలే," అంది కిష్టమ్మ. "కొట్టిండు."

బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు. పక్క గది రత్నాబాయి తన చేతి కట్టు వైపు చూసుకుని, తానూ ఎప్పుడూ జారలేదని మెల్లగా అంది.

ఆ సాయంత్రమే కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. కొట్టిన చేతుల గురించి అనుకుంటున్నారా? ఛ! కాపురాలు నిలబడాలంటే టైల్స్ పీకించి పాత బండే వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

మర్నాడు పీకడానికి వచ్చిన కూలీలు ఊరికే తిరిగిపోయారు. టైల్స్ మీద కిష్టమ్మ, రత్నాబాయి, వాళ్ల వెనక చాల్‌లోని ఆడవాళ్లంతా బిందెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. లేవమంటే లేవలేదు.