చిప్‌లో చప్పుడు

తెలియడం వేరు, చేతకావడం వేరు అయితే, ఇన్నాళ్లూ తాను సంపాదించినది ఏది? మదనపల్లెలో కుప్పం బస్సెక్కి కూర్చున్న మధుసూదన్ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. అతని ఒడిలో అట్టపెట్టె, పెట్టెలో సర్క్యూట్ బోర్డు, బోర్డు మీద గోరంత చిప్. గుండె చప్పుడును పెంచి వినిపించే ఆంప్లిఫయర్ అది. కంప్యూటర్ తెర మీద నిర్దోషంగా పనిచేసింది. తయారై చేతికొచ్చిన నాటి నుంచి రెండేళ్లుగా గుయ్‌మంటోంది. మధ్యాహ్నం రెండింటికి కుప్పంలో అసోసియేట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. చిప్‌ను పనిచేయించి చూపమన్నారు. చూపలేడు గనుక, ఆ శబ్దం అనివార్యమని నిరూపిస్తూ ఆరు పేజీలు రాసుకున్నాడు.

పక్క సీటులో, పుంగనూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే బాబు సాహెబ్.

"ఏం పని సేస్తాండావప్పా?"

"ఆంప్లిఫయర్ల మీద పరిశోధనండి. పన్నెండేళ్లుగా అదే."

ఆ రెండో మాట అనకుండా ఉండవలసింది. పుంగనూరులో బస్సు టీకి ఆగగానే బాబు సాహెబ్ పెట్టెతో సహా అతన్ని దింపేశాడు.

"ఎదురుగానే షాదీమహల్‌లో పెండ్లి. మా సెట్టు పొద్దున్నుంచీ గుయ్యంటాండాదని ఫోన్ సేసినారు. ఖాజీ సాబ్ కాసుకోనుండాడు. నీకు రెండు నిమిషాల పనప్పా."

తాను చిప్‌లను గీస్తాడే తప్ప పెట్టెలను విప్పడని చెప్పడానికి మధుసూదన్ నోరు తెరిచాడు. అప్పటికే కండక్టర్ నల్లప్ప, "పెద్ద ప్రొఫెసరంట, సూసొద్దాం రాండి" అంటూ బస్సు మొత్తాన్నీ వెంటేసుకొచ్చాడు. మధుసూదన్‌కు ఇక తప్పలేదు. శుభలేఖ వెనక నాలుగు సమీకరణాలు రాసి, గంభీరంగా ఒక మర తిప్పాడు. గుయ్‌మన్నది కాస్తా కుయ్యోమంది. ఇంకొకటి తిప్పాడు. జనరేటర్ ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, పెళ్లికూతురి మేనత్త మైమూన్ బీ విసనకర్రతో వచ్చి ఎదుట నిలబడింది.

"యాడినుంచి పట్టుకొచ్చినావు ఈయన్ని?"

"పన్నెండేండ్లు ఇదే సదివినాడంట" అన్నాడు బాబు సాహెబ్, కాస్త దూరం జరిగి.

"పాపం, ఇంగా పాసు కాలేదా?"

గోల విని అంగడిలోంచి బాబు సాహెబ్ కూతురు మునీరా వచ్చింది. జనరేటర్ వేయించి, ఒక తీగను వేలితో చివరిదాకా తడిమి, విప్పి, వేరేచోట బిగించింది. చప్పుడు పోయింది.

"సీరియల్ బల్బులకీ సెట్టుకీ ఒకే ఎర్త్ తీగ ఏసినారు సార్. బల్బుల గోలంతా సెట్టులోకే వస్తాది."

మధుసూదన్ మెల్లగా తన పెట్టె తెరిచి, బోర్డు బ్యాటరీ మీట నొక్కాడు. బోర్డు అంచున వరసగా ఎనిమిది చిన్న బల్బులు మిణుకుమంటున్నాయి. అందానికని తనే పెట్టించాడు. వాటికీ చిప్‌కీ ఎర్త్ ఒకటే.

"ఇది కూడా ఒకసారి చూడమ్మా."

మునీరా బల్బుల ఎర్త్ తెంచి, వేరే తీగ అతికించి, వినడానికని చిప్‌ను మైకుసెట్టుకే కలిపింది. గుండె చప్పుడును అందుకునే బోర్డు మీది రేకులకు అతడు బొటనవేళ్లు ఆనించాడు. షాదీమహలంతా ధక్, ధక్, ధక్. రెండేళ్లలో మొదటిసారి, గుయ్ లేకుండా.

"పెండ్లికొడుకు కన్నా ఈయనకే ఎక్కువ కొట్టుకుంటాండాది" అంది మైమూన్ బీ.

బస్సు కుప్పం దారి పట్టింది. అనివార్యమని నిరూపించిన ఆరు పేజీలు ఒడిలోనే ఉన్నాయి. మధుసూదన్ ఒక నిర్ణయానికొచ్చాడు. వాటిని నల్లప్ప చేతిలోని వేడి బిర్యానీ పొట్లం కింద పెట్టాడు. ఆపై దరఖాస్తు తీసి, పరిశోధనకు తోడ్పడిన నిపుణుల గడిలో, ఇద్దరు విదేశీ ప్రొఫెసర్లకు పైన మునీరా పేరు రాశాడు. పక్క గడిలో అర్హత అడిగారు.

'చప్పుడు పోయింది' అని రాశాడు.