లక్షవత్తుల కేసు

"బాలాంబా! ఈ బరంపురంలో నేరస్థులకి ఇంక నూకలు చెల్లాయి! నా బుర్ర ముందు ఎంతటి దొంగైనా దూదిపింజే!"

లక్ష్మీనరసింహం పెరటి అరుగు మీద నిలబడి, కుడిచేత్తో భూతద్దం ఎత్తి ప్రకటించాడు. ఎడంచెయ్యి జారిపోతున్న పంచె పట్టుకుంది. కోర్టులో నకళ్ళు రాసుకునే గుమాస్తాకి వేసవి సెలవులిస్తే ఇంట్లో ఆడవాళ్ళ గతి ఏమవుతుందో, ఆ సెలవులిచ్చిన దొరలకేం తెలుసు?

"ముందు పంచె సంగతి చూడండి," అంది బాలాంబ.

నేరం ఏటంటే, ఒత్తులు పోతున్నాయి. వైశాఖ పున్నానికి లక్షవత్తుల నోము చెల్లిస్తామని బాలాంబా, గోడవతల నీలమ్మా కలిసి మొక్కుకున్నారు. ఉగాది ముందు నుంచీ ఇద్దరికీ ఒళ్ళో పత్తి, వేళ్ళకి విభూది. ఇక్కడ మాత్రం, బాలాంబ పొద్దుటంతా చేసి బుట్ట నింపి, ఓ కునుకు తీసి లేచేసరికి బుట్ట అడుగు కనిపిస్తోంది.

"దీని వెనక ఒక మహామేధావి ఉన్నాడు," అన్నాడు లక్ష్మీనరసింహం. గోడ వైపు ఓరగా చూసి, "ఉంది," అని సవరించాడు. "నీకన్నా ముందు నోము ముగించాలన్న దురాశ! నీలమ్మ!"

బాలాంబ చప్పున గోడ వైపు చూసింది. ఆ పిట్టగోడ మీంచి రోజూ కూరగిన్నె అటు వెళ్తే పులుసుగిన్నె ఇటు వచ్చేది. ప్రతి కాన్పుకీ పక్కన కూచున్న మనిషి నీలమ్మ. ఈయన నోరు జారితే ఆ గిన్నెలు ఇంక నడవవు.

"ఆవిడ మాటెత్తారంటే రంభ ఊళ్ళో మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతాను."

"రంభకా? నువ్వా?" అని నవ్వబోయి, ఆవిడ కళ్ళు చూసి భూతద్దం తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి నిఘా. జామచెట్టు కింద, గొడుగు చాటున. గోపాల్పూరులో ఓడెక్కి వెళ్ళిపోయిన ఓ దొర సామాను వేలం వేస్తే కొన్న నల్ల ఉన్ని కోటు ఒకటుంది. డిటెక్టివుకి కోటుండాలిట. చైత్రపు ఎండలో అది తొడిగితే డిటెక్టివు ఉడికిపోతాడు కనక, దొంగని పట్టుకునే ముహూర్తానికి పనికొస్తుందని, కుడి జేబులో ఓ పోలీసు ఈల వేసి, ఉగాదికే అరుగు మీద మేకుకి తగిలించాడు.

"ఏమైనా కనబడిందా?" అని అడిగింది బాలాంబ మజ్జిగ ఇస్తూ.

"ఆహా! పిగిలిపిట్ట పిల్లల నోట్లో పురుగులు కుక్కుతోంది. గూట్లో కూచున్న పెళ్ళాం కాకికి మొగుడు కాకి మేత తెచ్చి తినిపిస్తోంది."

"చూసి నేర్చుకోండి. మరి దొంగ?"

"ఈ పురుళ్ళూ పుణ్యాహవచనాల మధ్య దొంగ ఎలా కనిపిస్తాడే? అన్నిటికన్నా ఓ ముసలి ఉడుత. గుబురుగా తెల్లమీసాలు! అరుగు మీదకీ కిందకీ ఒకటే పరుగు. ఉష్షంటే ఎదురు నన్నే తిడుతోంది."

"ఉడుతకి తెల్లమీసాలేటండీ?"

"వయసు!"

లోపల పాలు పొంగిన వాసన. బాలాంబ పరిగెత్తింది.

ఆ మధ్యాహ్నమే నీలమ్మ పులుసుగిన్నెతో వచ్చింది. ఆవిడ జుట్టులో పత్తిపింజ. పొద్దుగూకులూ పత్తితో కూచునే మనిషి జుట్టులో పత్తి కాక పారిజాతాలుంటాయా? కానీ లక్ష్మీనరసింహం ఒక్క గెంతులో అరుగెక్కి, కోటు తొడిగేశాడు.

"ఏటి అన్నయ్యగారూ, చలేస్తోందా?"

"ఎవరూ కదలొద్దు! ఈ ఇంట్లో ఒత్తులు కాజేసిన చెయ్యి, ఇప్పుడు పులుసుగిన్నె పట్టుకుని ఉంది!"

నీలమ్మ ఆయన్ని చూడలేదు. బాలాంబనే చూసింది. "వదినా, నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

"ఇన్నేళ్ళుగా నీ చేతి ఉప్పుకషాయం నోరెత్తకుండా తింటున్నానే, అంతకన్నా నమ్మకం ఏటి కావాలి నీకు?"

నీలమ్మ మూతి ముడుచుకుంది. తర్వాత అదే మూతి నవ్వాపుకోలేక తిప్పలు పడింది. "ఉప్పెక్కువని ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"సాక్షులు కుమ్మక్కయ్యారు!" అని అరిచి, ఈల కోసం లక్ష్మీనరసింహం కుడి జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొహం సున్నం కొట్టిన గోడైంది.

"జేబులో... ఏదో... బతికుంది!"

అంట్లు తోముతున్న తవిటమ్మ వచ్చి జేబు విప్పి చూసింది. "అమ్మగోరూ, ఇలా రండి! గుండుచి పిల్లలు! ఒత్తుల్లో ఎంత సుకంగా తొంగున్నాయో సూడండి!"

కళ్ళింకా తెరవని ఎర్రెర్రటి ఉడుత పిల్లలు. కిందా పైనా బాలాంబ విభూది వేళ్ళు నలిపిన ఒత్తులు. వాటి మధ్యన పోలీసు ఈల. పైన దూలం మీద తల్లి ఉడుత కీచుకీచుమని శాపనార్థాలు పెడుతోంది. దాని మూతికి అటూ ఇటూ తెల్లమీసాల్లా వేలాడుతోంది ఇంకో ఒత్తు.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నాడు లక్ష్మీనరసింహం, పెదాలు మాత్రం కదిలిస్తూ. "దొంగ ఆడదని."

తల్లి ఉడుత దూలం దిగి, ఆయన పంచె పట్టుకుని పైకి ఎగబాకి, జేబులో దూరింది. పిల్లలు పాలకి చేరాయి.

నీలమ్మ గిన్నె పక్కన పెట్టి అరుగు మీద చతికిలబడింది. "పత్తి ఇలా తే వదినా. పాపం, దీని పురుడు తీరేదాకా మనిద్దరం ఒకే బుట్టలో వేద్దాం."

బాలాంబ పత్తి పంచింది. నల్ల ఉన్ని కోటులో చెమట ధారలు కడుతుంటే లక్ష్మీనరసింహం దీనంగా అన్నాడు: "ఒసే, ఈ కోటు..."

"ఎవరూ కదలొద్దన్నది మీరే," అంది బాలాంబ, ఒత్తు మీంచి కళ్ళెత్తకుండా.