పలకల మేస్త్రి జబ్బు

ఆ రోజుకి పలకల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే నూనె తెచ్చుకోవాలి, నలభై చెక్క పలకలకూ రెండో పూత పూయాలి, సాయంత్రానికి తుడిచి నిలబెట్టాలి, మర్నాడు హోటలాయనకి అప్పజెప్పాలి. కూరలు తరిగేవి ఇరవై, వడ్డించేవి ఇరవై. అన్నీ చేత్తో చెక్కినవే. మిషను పలకలు ఎక్కడ పడితే అక్కడ దొరికే రోజుల్లో చేతిపని కావాలని వెతుక్కుంటూ వచ్చినవాడు ఆ హోటలాయన ఒక్కడే.

పని ఒంటిచేతి మీద నడవడం వల్ల ఆలస్యమవుతోంది. ఆరేళ్ల కిందటైతే అన్నయ్య ఉండేవాడు. ఈయన నూనె పూసుకుంటూ పోతుంటే ఆయన వెనకే గుడ్డతో తుడుచుకుంటూ వచ్చేవాడు. తర్వాత ఆయనకి వార్నిష్ మీద మోజు పుట్టింది. "వార్నిష్ కొడితే అద్దంలా మెరుస్తుందిరా, జనం ఎగబడతారు" అన్నాడు. "కత్తి తగిలితే పెచ్చులు లేచి కూరలో కలుస్తుంది" అన్నాడు తమ్ముడు. మాటా మాటా పెరిగింది. "నీ చావు కబురు వింటే తప్ప నీ గడప తొక్కను" అనేసి అన్నయ్య వెళ్లిపోయాడు. రెండిళ్లకీ మధ్య నాలుగు వీధులు. మొండితనం ఒక్కటే ఆ అన్నదమ్ములు తండ్రి నుంచి తగువు లేకుండా పంచుకున్న ఆస్తి. మేస్త్రి ఆ ఆరేళ్లలో అన్నయ్య గురించి పైకి ఒక్క మాట అనలేదు. ఆయన గుడ్డని మాత్రం మేకు మీంచి తీయలేదు.

ఇక్కడ నూనె సంగతి చెప్పాలి. వంట నూనె పూస్తే పలక నెల తిరక్కుండా జిగురెక్కి కనరు వాసన కొడుతుంది. రంగూ రుచీ లేకుండా, పాడవకుండా, తినే వస్తువుకి తగిలినా ఫరవాలేకుండా ఉండేది మందుల షాపులో మలబద్ధకానికి అమ్మే లిక్విడ్ పారఫిన్. తండ్రి ఆ రహస్యం కొడుకులిద్దరికీ చెప్పి, మూడో మనిషికి తెలియకూడదని మాట తీసుకున్నాడు. విరేచనాల మందు పూసిన పలక మీద రొట్టె పెట్టుకుని తినేవాడెవడు? అందుకే అది పెద్ద డబ్బాలో, పేరు లేకుండా, ఎక్కడో దూరం నుంచి వచ్చేది. భార్యకి కూడా అది పలకల నూనె, అంతే. ఈసారి ఆ డబ్బా రాలేదు. మేస్త్రి సంచి పట్టుకుని మందుల షాపుకి బయల్దేరాడు.

"ఇరవై సీసాలా? ఎవరికండీ?" అన్నాడు షాపాయన.

మేస్త్రి వెనక్కి చూశాడు. ఎదురింటి రిటైర్డ్ టీచరమ్మ దగ్గు మందు కోసం నిలబడి ఉంది. ఆవిడ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా నాలుగు వీధులు దాటుతుంది.

"నాకే" అన్నాడు.

"అన్నీ మీకేనా! ఎన్నాళ్ల నుంచండీ ఈ బాధ?"

"పాతికేళ్లుగా వాడుతున్నా."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకునేదేముంది? త్వరగా ఇవ్వండి."

టీచరమ్మ దగ్గు ఠక్కున ఆగిపోయింది. మందు కూడా కొనకుండా వెళ్లిపోయింది.

మేస్త్రి దారిలో గరుకు కాగితం కొనుక్కుని ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

"పాతికేళ్లు కాపురం చేశానే, నాకొక్క మాటైనా చెప్పాలనిపించలేదా?"

మేస్త్రి ఆమెని లోపలికి తీసుకెళ్లి తలుపేసి, తండ్రికిచ్చిన మాట తప్పాడు. "నెమ్మదిగా విను. ఈ మందు నాక్కాదు, పలకలకి. ఒట్టు."

"చెక్కలకి విరేచనాల మందా?" అంది భార్య. "చావు ముందు పెట్టుకుని కూడా వేళాకోళమేనా మీకు!"

నిజం చెప్పినందుకు మేస్త్రికి మంచం ప్రాప్తించింది. భార్య దుప్పటి మెడదాకా కప్పి, లేస్తే తన మీద ఒట్టేనంది. బయట కబురు దాని పని అది చేసుకుపోతోంది. మొదటి వీధిలో పేగు మూసుకుపోయింది. రెండో వీధిలో డాక్టర్లు చేతులెత్తేశారు. మూడో వీధికి వచ్చేసరికి ఆయనకి మిగిలింది వారం రోజులే.

పదకొండింటికి హోటలాయన యాపిల్ పళ్లతో వచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే ఉన్న కొత్త పలక మీద పెట్టాడు.

"పలకలకేం తొందర లేదండీ. మీ చేతి చివరి పలకలు మా హోటల్లో ఉండటం మా అదృష్టం. గోడ మీద మీ ఫోటో కూడా పెడదామనుకుంటున్నా."

మేస్త్రికి ఆ మాటలేవీ వినపడలేదు. పొగలు కక్కుతున్న గ్లాసు కింద తెల్లటి వలయం తేలుతోంది. "గ్లాసు... వేడి గ్లాసు..." అని మూలిగాడు.

"నొప్పి మొదలైందండీ" అంది భార్య హోటలాయనతో.

అప్పుడే పెరట్లోంచి నీళ్ల చప్పుడు వచ్చింది. కిటికీలోంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "నువ్వేం కంగారు పడకమ్మా, ఇంటిపని నేను చూసుకుంటా. ఈ చెక్కలు జిడ్డోడుతున్నాయి, ఓ పన్నెండు సబ్బు నీళ్లలో నానేశాను!"

ఒట్టూ లేదు, దుప్పటీ లేదు. మేస్త్రి ఒక్క గెంతులో పెరట్లో ఉన్నాడు. తొట్టిలోంచి పలకల్ని ఒక్కొక్కటే లాగి, ఒంటి మీది బనీను విప్పి తుడుస్తూ, గోడ నీడన నిలబెడుతూ అరిచాడు. "పలకని నానబెడతారా ఎవరైనా! తడి గుడ్డతో తుడవాలి, వెంటనే పొడి గుడ్డ పెట్టాలి! ఎండలో వేయకండి, విల్లులా వంగిపోతాయి!"

"చివర్లో ఇలాగే ఓపిక వస్తుందిలే" అంది టీచరమ్మ భార్య చెవిలో.

మేస్త్రికి ఇక సహనం చచ్చింది. ఆర్డరు పోతే పోనీ అనుకున్నాడు. "అందరూ వినండి! ఆ మందు నాకు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

పెరటి గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. ఎవరున్నారో కూడా చూడకుండా వచ్చి తమ్ముణ్ణి కావలించుకుని బావురుమన్నాడు.

ఆరేళ్లు. తనకే జబ్బూ లేదంటే ఈ చేతులు ఇప్పుడే వదిలేస్తాయి. వచ్చిన దారినే వెనక్కి పోతాయి. మేస్త్రి నోట్లో మాట నోట్లోనే మింగేసి, శాయశక్తులా దగ్గాడు.

"మా ఇద్దర్నీ కాసేపు వదిలేయండమ్మా" అన్నాడు అన్నయ్య మరదలితో. తమ్ముణ్ణి నడిపించుకుంటూ పనిగదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. కళ్లు తుడుచుకుని బల్ల మీది సీసాలు లెక్కపెట్టాడు.

"ఇరవయ్యేనా? నలభై పలకలకి ఇవి ఒక్క పూతకే చాలవురా."

మేస్త్రి దగ్గు ఆగిపోయింది. "నీకు... తెలుసా?"

"ఈ నూనె సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే కదరా. ఇరవై సీసాలనగానే నవ్వొచ్చింది."

"మరెందుకొచ్చావు?"

"నీ చావు కబురు వింటేనే వస్తానన్నాను. విన్నాను, వచ్చాను. మళ్లీ ఇలాంటి కబురు ఎప్పుడొస్తుందో ఏమో."

"అన్నయ్యా, ఏడ్చావు కదా?"

"అది నీ కోసం కాదు." అన్నయ్య జేబులోంచి ఆస్పత్రి కవరు తీసి సీసాల పక్కన పెట్టాడు. "పేగులోనే. నువ్వు ఊరందరికీ చెప్పుకున్న జబ్బే. మూడు నెలలన్నారు. ఊళ్లో నీకు వారమే ఇచ్చారట, నీకంటే నేనే నయం."

మేస్త్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆరేళ్లు నాలుగు వీధులు నడవలేదు. పొద్దుణ్ణుంచి తన కోసం అందరూ ఏడ్చారు. ఇప్పుడు అన్నయ్య కోసం మేస్త్రి ఏడ్చాడు.

"పలక మీద నీళ్లు పడుతున్నాయి, పక్కకి జరుగు" అన్నాడు అన్నయ్య. మేకు మీద తన గుడ్డ ఉండటం చూశాడు. దాన్ని తీసి దులిపాడు. "నువ్వన్నట్టే వార్నిష్ పెచ్చులు లేచిందిరా. ఊఁ, పూయి. నేను తుడుస్తా."

నానినవాటిలో నాలుగు పగిలాయి. వాటి బదులు కొత్తవి ఇద్దరూ కలిసి చెక్కారు. మేస్త్రి పనిలో తిరుగుతుంటే, అన్నగారి చెయ్యి తగిలి బాగుపడ్డాడని టీచరమ్మ ప్రకటించింది. హోటలాయన ఫోటో సంగతి మళ్లీ ఎత్తలేదు. అన్నయ్య రోజూ వచ్చాడు, నడవగలిగినన్నాళ్లు నడిచీ, తర్వాత తమ్ముడి భుజం పట్టుకునీ. చివరి రోజుల్లో కుర్చీలో కూర్చునే పలకలు తుడిచాడు. డాక్టర్లు చెప్పిన మూడు నెలలకి ఇంకో పదకొండు రోజులు ఎక్కువే ఉన్నాడు.

ఆయన పోయిన నెలకి నూనె డబ్బా మళ్లీ ఆలస్యమైంది. మేస్త్రి సంచి పట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు.

"ఒకప్పుడు మీ అన్నయ్యగారు నిక్షేపంలా ఉండేవారు, పాపం" అన్నాడు షాపాయన సీసాలు దించుతూ. "మీకు ఇంకా తగ్గలేదాండీ?"

"లేదు" అన్నాడు మేస్త్రి.