ముందుగా ఉడికించి పెట్టుకున్న చిలగడదుంప

మీ కుటుంబం బాగుపడాలని ఉందా? అయితే రేపటి నుంచి పొద్దున్నే అందరికీ చిలగడదుంప పెట్టండి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. కుర్చీకి అతుక్కుపోయే భర్తను, ఎండ మొహాన పడితే గానీ లేవని కూతురిని, ప్రతిదానికీ వంక పెట్టే అత్తగారిని ఒక్క దుంపతో దారికి తెచ్చినదాన్ని. ఆరోగ్యకరమైన టిఫిన్ అనగానే మొహం ముడుచుకునేవాళ్ళను చూస్తే నాకిప్పుడు కోపం రాదు, జాలేస్తుంది.

ఇదంతా మొదలైంది డాక్టరమ్మ గదిలో. మా వారి రక్తపరీక్ష రిపోర్టు చూసి ఆవిడ కళ్ళజోడు తీశారు, పైట కొంగుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చూశారు. కళ్ళజోడుకు మురికేమీ లేదని మా ఇద్దరికీ అర్థమైంది. ఇప్పుడు వేళాకోళంగా చెబుతున్నాను గానీ, ఆ క్షణాన నా గుండె ఎక్కడికో జారిపోయింది.

"కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉంది. మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఇంకోసారి పరీక్ష చేశాక చూద్దాం. ఈలోపు రెండు పనులు చేయండి. రోజూ నడవండి. పొద్దున ఆ వెన్న రాసిన బన్నులు మానేసి కాస్త మంచి తిండి తినండి" అన్నారు.

ఇంటికొచ్చే దారిలో, మందుల షాపు మలుపు దగ్గరే, మా వారు ఆ రెండు పనులనూ న్యాయంగా పంచేశారు.

"నడక నాది, తిండి నీది!"

చూశారా? దాంపత్యంలో సమానత్వం అంటే ఇదీ! నా వాటా పని మర్నాడే మొదలైంది. ఆయన వాటాకు మాత్రం ముందు మంచి బూట్లు కావాలి. బూట్లు వచ్చాక ఎండ తగ్గాలి. ఎండ తగ్గాక వాన వెలవాలి. ఆ తర్వాత ఎడమ మోకాలు ఒప్పుకోవాలి.

సరే, వండేదేమిటి? కాలేజీ చదువు నేనూ చదివాను గానీ, మా ఇంట్లో విజ్ఞానమంతా ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ఉంటుంది. "చిటికెలో చిలగడదుంప బ్రేక్‌ఫాస్ట్" అన్న వీడియో తీసి నా ముందు పెట్టింది. అందులో ఒక చక్కని చుక్క, గోళ్ళరంగు చెదరకుండా, తెల్లచొక్కా మీద మరక లేకుండా, నవ్వుతూ చెబుతోంది: "ముందుగా ఉడికించి, తొక్క తీసి, మెదిపి పెట్టుకున్న చిలగడదుంప తీసుకోండి."

తీసుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. పప్పుల డబ్బా వెనక చూశాను. ఫ్రిజ్ కింది అరలో చూశాను. ఎక్కడా లేదు! మా ఇంట్లో ఏదైనా ముందుగా చేసి పెట్టే మనిషి ఎవరా అని ఆలోచిస్తే, నేనే తేలాను. అంటే లోపం వీడియోలో లేదు, నాలోనే ఉంది.

అలాంటి లోపాలకు కూడా వీడియోలు ఉంటాయి. పచ్చిదుంపను పలకలుగా కోసి టోస్టర్‌లో పెడితే బ్రెడ్డుతో పనే లేదట! పెట్టాను. పలకలు పైకి ఎగిరాయి, పచ్చిగా. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎగిరాయి, వేడి పచ్చిగా. ఇంకోసారి నొక్కితే అంచులు బొగ్గయ్యాయి, మధ్యభాగం మాత్రం తోటలో ఉన్నప్పటి తాజాదనాన్ని వదులుకోలేదు. చివరికి ఒక పలక లోపలే ఉండిపోయింది. ప్లగ్గు పీకి, టోస్టర్‌ను తలకిందులు చేసి వీపు తడితే గానీ బయటికి రాలేదు.

ఆఫీసు బట్టల్లో ఉన్న మా వారు దాన్ని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పారు. "ఇది ఉడికిందా, కాలిందా?"

"రెండూనండీ."

"రెండూ కాలేదేమో చూడు."

అత్తగారు ప్లేటును గౌరవంగా పక్కకు జరిపారు. "మంచి వస్తువేనమ్మా. పళ్ళున్న వాళ్ళు తినాలి." ఆవిడ బాదంగింజలు కటకటా నమలడం ముందురోజే చూశాను.

"అమ్మా, దీన్ని బాగుందనాలా, ఆరోగ్యంగా ఉందనాలా?" అంది కూతురు. దాని పక్కనే దాని ఫోన్, ఫోన్‌లో ఆ చక్కని చుక్క!

వెనక్కి తగ్గుతానా? గంజిలాంటి పారిడ్జ్ చేశాను. పాన్‌కేక్ చేశాను, అది పాన్‌ను వదిలి రానంది. స్మూతీ చేశాను, గ్లాసులో పోస్తే గోడకు వేయగా మిగిలిన రంగులా ఉంది. మఫిన్లు చేస్తే అత్తగారు ఒకటి తీసుకుని, గాలికి కొట్టుకుంటున్న గది తలుపుకు అడ్డం పెట్టారు. ఇప్పటికీ ఆ తలుపు కొట్టుకోదు. ఏ టిఫిన్‌కుంది చెప్పండి అంతటి నిలకడ?

ఇక లాభాలు వినండి. మా అమ్మాయి ఇప్పుడు తెల్లవారగానే తయారు! ఆలస్యమైతే లైబ్రరీలో కిటికీ పక్క సీటు దొరకదట. టిఫిన్‌కు మాత్రం ఆగదు పాపం, చదువు మీద అంత ధ్యాస. పక్కింటావిడతో ఏదో నీళ్ళ పైపు గొడవై మాటలు మానేసిన అత్తగారు, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడను పలకరించి వస్తున్నారు. నేనిక్కడ దుంప తొక్క తీస్తుంటే అక్కడినుంచి గుడ్డు వేపుడు వాసన, ఇద్దరి నవ్వులు. ఇరుగుపొరుగును కలిపిన దుంపకు దండం పెట్టకుండా ఎలా ఉంటాం?

ఇక మా వారు! ఒకరోజు పొద్దున లేచి, పాత బూట్లే తొడుక్కుని, "వాకింగ్‌కి వెళ్ళొస్తా, నా టిఫిన్ మీద మూత పెట్టు" అన్నారు. ఎండా వానా మోకాలూ ఏవీ అడ్డురాలేదు. వీధి చివర బేకరీ ఉంది గానీ, ఆ బేకరీ ఆవిడా నేనూ ఒకే కుట్టు క్లాసు. అందుకని ఆయన వంతెన ఎక్కి, దిగి, స్టేషన్ అవతల ఉన్న బేకరీ దాకా వెళ్ళేవారు.

నాకెలా తెలుసంటారా? ఆ చొక్కాలు ఉతికేది ఎవరు? జేబులో బన్ను పొడి ఉండేది, రుమాలు వెన్న వాసన కొట్టేది. అయినా ఉతికి ఆరేసేదాన్ని. ఒక బన్నుకు రెండుసార్లు వంతెన ఎక్కి దిగుతున్న మనిషిని ఆపడం ఎందుకు?

మరి మూత పెట్టిన టిఫిన్ ఏమైందని అడగరేం? ఆయనది, అమ్మాయిది, అత్తగారిది, ఆ పైన నాది. వండినది పారేయడం నాకు చేతకాదు. సింకు పక్కన నిలబడి, ఒక చేత్తో గిన్నె తోముతూ ఇంకో చేత్తో అన్నీ ముగించేదాన్ని. వట్టిది గొంతు దిగదు కాబట్టి కాస్త వెన్న, కాస్త తేనె. దిగకపోతే ఇంకాస్త వెన్న. కుటుంబ ఆరోగ్యాన్నంతా ఒంటిచేత్తో మింగిన ఇల్లాలిని చూడాలనుకుంటే నన్ను చూడండి!

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మా వారి రిపోర్టు చూసి ఆవిడ మొహం వెలిగింది. "భలే తగ్గిందండీ! మందుల అవసరం లేదు. ఏం చేశారు?"

"అంతా మా ఆవిడ చిలగడదుంప మహిమ!" అన్నారాయన, రెప్ప కూడా వేయకుండా.

నా గుండె చోటుకొచ్చింది. వచ్చి కుదురుగా కూర్చునే లోపే డాక్టరమ్మ నావైపు తిరిగారు. "మరి మీరెప్పుడు చేయించుకున్నారమ్మా పరీక్ష?"

నేను మా వారిని చూశాను. ఆయన గోడమీది క్యాలెండర్‌ను చూశారు. "తనకేం డాక్టర్ గారూ, రోజంతా వంటింట్లో తిరుగుతూనే ఉంటుందిగా" అన్నారు క్యాలెండర్‌తో.

పరీక్ష చేశారు. నా రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ కళ్ళజోడు తీశారు. కొంగుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఈసారి జారిపోయిన గుండె ఆయనది. నా చెయ్యి పట్టుకున్నారు కూడా, డాక్టరమ్మ చూస్తుండగానే!

"కంగారేం లేదు, ఇప్పుడే సర్దుకోవచ్చు. రెండు పనులు చేయండి. రోజూ నడవండి. పొద్దున మంచి తిండి తినండి, ఆ వెన్న లేకుండా."

మందుల షాపు మలుపు వచ్చింది. "నడక నాది, తిండి మీది" అన్నాను.

"నాకు వంట రాదుగా!"

"చిటికెలో అయిపోతుందండీ. వీడియో ఉందిగా."

ఇవాళ నా నడక మొదటిరోజు. ఆయన పాత బూట్ల పక్కన నా చెప్పులు వెతుక్కుని బయల్దేరాను. వంతెన మీద గాలి చల్లగా ఉంది. కింద రైలు వెళ్తుంటే పట్టాలు మెరిశాయి. ఎన్నాళ్ళయిందో పొద్దున పూట ఖాళీ చేతులతో నిలబడి! ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమోయ్, ముందుగా ఉడికించి పెట్టుకున్న చిలగడదుంప తీసుకోమంటోంది ఈ అమ్మాయి. ఎక్కడ పెట్టావు?"

"పప్పుల డబ్బా వెనక చూడండి. లేకపోతే ఫ్రిజ్ కింది అరలో."

"చూశా. లేదు!"

"వంగి సరిగ్గా చూడండి. వంగడం మోకాలికి మంచిది."

ఫోన్ పెట్టేసి, వంతెన దిగి, ఇంకో వీధి ఎక్కువే నడిచాను. చిలగడదుంప ఒంటికి మంచిదని మొదటే చెప్పానా లేదా? ఇంకొకరు వండాలి, అంతే!