మణిశిఖర సామ్రాజ్యపు వేగు

పోర్టు గుమాస్తా గవర్రాజు ఆ ఉదయం జ్వరమని ఆఫీసుకు సెలవు చీటీ పంపి, గడ్డం అంటించుకోవడానికి కూర్చున్నాడు. వచ్చే నెల నాటక పోటీకి అతనే నాటకం రాయాలి. అందులోని మణిశిఖర సామ్రాజ్యానికి రాజు కుదిరాడు, రాణి కుదిరింది. వేగు, హంతకుడు మాత్రం కుదరలేదు. కిందటేడు వేగు రంగం మీదికి రాగానే "ఒరే, మన తవిటయ్యరా!" అని జనం ఈలలు వేశారు. ఈసారి పాతకాలపు రాజుల పద్ధతి పట్టాడు: వేగుకి సన్యాసి వేషం, హంతకుడికి వంటవాడి వేషం. సన్యాసి వేషం జనంలో నిలిస్తేనే మళ్లీ కలం పట్టుకుంటానని భీష్మించాడు.

భార్య నారాయణమ్మ వీధి కుళాయికి వెళ్లగానే బూడిద పూసుకుని, కావిబట్ట చుట్టుకుని, పెరటిదారిన పూర్ణా మార్కెట్టుకి నడిచాడు.

వేషం నిలిచింది. మరీ ఎక్కువగా నిలిచింది. అరటిపళ్లమ్మే పైడితల్లి కాళ్ల మీద పడింది.

"సామీ, మావోడికి స్టీలు ప్లాంటులో పనెప్పుడొత్తాది?"

"కొలిమి వెలిగిన్నాడు!"

జనం మూగారు. ఆయుధపూజకి గుమ్మడికాయలు కొనడానికొచ్చిన గవర్రాజు ఆఫీసు హెడ్‌క్లార్కు శ్రీరామ్మూర్తి వాళ్లను తోసుకుని ముందుకొచ్చాడు. గవర్రాజుకి బూడిద కింద చెమట పట్టింది. సెలవు దొంగదని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

"స్వామీ, మా గుమాస్తా ఒకడు జొరమని సెలవెట్టాడు. నిజమేనంటారా?"

అవునంటే సరిపోయేది. కానీ వేషం పూనింది. "వాడి ప్రాణం కొసనుంది నాయనా!"

"అయ్యబాబోయ్! అయితే మీరే వొచ్చి విభూతి పెట్టాల. ఒరే, రిక్షా!"

గవర్రాజు తన ఇంటికి, తనకు వైద్యం చేయడానికి, తన పై అధికారి పక్కన కూర్చుని బయలుదేరాడు.

"మీ ఆయన జొరం కుదర్చడానికి స్వామిని తెచ్చానమ్మా," అన్నాడు శ్రీరామ్మూర్తి గుమ్మంలో.

నారాయణమ్మ స్వామిని పైనుంచి కిందికి చూసింది. "అంటుజొరం బాబూ. ముందు స్వామోరొక్కరే ఎల్లాల. తమరిలాగ కూకోండి." ఆయనకు స్టూలు వేసి, తను వంటింట్లోకి వెళ్లింది.

గవర్రాజు లోపల గడ్డం పీకి, కావిబట్ట మంచం కిందికి తోసి, దుప్పట్లో దూరాడు. కాసేపటికి శ్రీరామ్మూర్తి వచ్చి చూస్తే స్వామి లేడు. రోగి ముఖం నిండా బూడిద.

"పెరటి గుమ్మంలోంచి ఎల్లిపోయార్సార్," మూలిగాడు గవర్రాజు.

"మహానుభావుడు! ఎంత దట్టంగా పెట్టాడో!" అంటూ శ్రీరామ్మూర్తి దండం పెట్టాడు.

ఇంతలో నారాయణమ్మ చెంబు నిండా నేలవేము కషాయం తెచ్చింది. "స్వామోరు ఎల్తా ఎల్తా సెప్పారండి. సుక్క మిగల్చకూడదంట."

"తాగవయ్యా, తాగు!" అన్నాడు శ్రీరామ్మూర్తి.

గవర్రాజు కళ్లు మూసుకుని తాగాడు. చెంబు బోర్లించి చూశాకే శ్రీరామ్మూర్తి కదిలాడు.

"నన్నెలాగ పోల్చినావే?" చేదుకి మెలికలు తిరుగుతూ భార్యనడిగాడు.

"పోల్చడానికేటుంది? నాను తీగ మీద ఆరేసిన నా కావిరంగు సీర సుట్టుకుని నా గుమ్మంలోకే వొచ్చినారు."

ఆ సాయంత్రమే గవర్రాజు నాటకం పూర్తిచేశాడు. వేగు పనీ, హంతకుడి పనీ రెండూ రాణికే అప్పగించాడు.