బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

ఆ ఆదివారం పొద్దున్న సన్యాసిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత లాప్‌టాప్‌లో ఉన్నదంతా కొత్తగా కొన్న పెద్ద హార్డ్ డిస్కులోకి ఎక్కించడం, దాన్ని లాప్‌టాప్‌లో బిగించడం, భోంచేసి పడుకోవడం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి ఇదీ ఒక పనేనా అని ఎవరైనా అంటారు. సన్యాసిరాజు కూడా అలాగే అనుకున్నాడు, పాపం.

లాప్‌టాప్ నిండిపోవడానికి కారణం బావమరిది కల్యాణ్ పెళ్లి. ఫొటోగ్రాఫరు "మా దగ్గర చోటు లేదు సార్, మీరు సాఫ్ట్‌వేరు కదా" అని ఫొటోలన్నీ అందులో పోసేసి, తన కార్డులు తుడిచేసుకుని ఇంకో పెళ్లికి పోయాడు. అంటే ఆ ఫొటోలు సైనిక్‌పురిలోని ఈ ఫ్లాటులో తప్ప భూప్రపంచంలో మరెక్కడా లేవన్నమాట. సాయంత్రం కల్యాణ్, అతని కొత్త భార్య అనుపమ, ఆమె తల్లి బాలమ్మ ఆల్బమ్‌కి ఫొటోలు ఏరుకోవడానికి మెట్టుగూడ నుంచి వస్తున్నారు.

"వాటికేమైనా అయిందంటే మావాళ్ల ముందు నేను తలెత్తుకోలేను. ఒక్కగానొక్క తమ్ముడి పెళ్లి" అని భార్య దేవి నిద్ర లేస్తూనే హెచ్చరించింది.

ఈ పనికోసం సన్యాసిరాజు ఆఫీసులో ఒక పెట్టె అడిగి తెచ్చుకున్నాడు. దానికి రెండు గూళ్లు. ఎడమ గూట్లో పెట్టిన డిస్కులో ఏముంటే అది కుడి గూట్లోని డిస్కులోకి పోతుంది. కుడిదాంట్లో అంతకుముందు ఏమున్నా చెరిగిపోతుంది. ఏది నిండుది, ఏది ఖాళీది అని చూసే తెలివి ఆ పెట్టెకు లేదు. లాప్‌టాప్ విప్పి పాత డిస్కు బయటికి తీసి, కొత్తదాని పక్కన టేబులు మీద పెట్టి, స్నానానికి వెళ్లాడు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. పైనున్న అంకె ఒక్కటే తేడా.

స్నానం చేసి వచ్చేసరికి కొత్తదాని మీద అంకె కనిపించలేదు. దట్టంగా పసుపు, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ బొట్టు కనిపించాయి. విజయనగరం నుంచి వచ్చి ఉన్న అత్తగారు అచ్చియమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేంటి అత్తయ్యగారూ!"

"కొత్త వస్తువు కదేటి బాబూ. బొట్టెట్టకుండా వాడీస్తారేటి ఎవరైనా?"

అత్తగారితో వాదన ఎందుకని సన్యాసిరాజు నోరు మూసుకున్నాడు. బొట్టున్నది కొత్తది, లేనిది పాతది, గుర్తు తేలిక కదా అని సంతోషించాడు కూడా. అంతలో కల్యాణ్ ఫోను చేశాడు.

"బావగారూ, ఫొటోలు రెడీయేనా?"

"రెడీ కాకేం" అంటూ బాల్కనీలోకి వెళ్లి కాసేపు మాట్లాడి వచ్చాడు.

వచ్చి చూస్తే టేబులు మీద బొట్టున్న డిస్కు ఒక్కటే ఉంది. దాన్ని తీసి కుడి గూట్లో పెట్టాడు.

"రెండోది ఏదండీ?"

"దేవుడి దగ్గరుంది, తీసుకోండి బాబూ" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

అది బంతిపూల కింద ఉంది. పాతదానికి వీడ్కోలు పూజ కాబోలు అని నవ్వుకుంటూ, పూలు దులిపి, కింద బొట్టు ఉందో లేదో చూడకుండానే ఎడమ గూట్లోకి తోసి మీట నొక్కాడు. పెట్టె మీద ఎర్ర లైటు చకచకా వెలిగి ఆరడం మొదలుపెట్టింది.

"పాతదానిక్కూడా బొట్టెట్టీసాను బాబూ" అంది అచ్చియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి. "కొత్తదానికెట్టి ముసల్దానికి మానీస్తే ఏటి మర్యాద? కొత్తదాన్ని దేవుడి పాదాల దగ్గరెట్టాను."

సన్యాసిరాజు వైరు పీకేశాడు. కుడి గూట్లోని డిస్కు తీసి తువ్వాలుతో పసుపు తుడిచి చూస్తే పాత అంకె కనిపించింది. దాన్ని లాప్‌టాప్‌లో పెట్టి మీట నొక్కాడు. నల్లటి తెర మీద, ఇందులో ఏమీ లేదు అని తెల్లటి అక్షరాలు వచ్చాయి. కుర్చీలో కూలబడ్డాడు. బావమరిది పెళ్లి మొత్తం తన చేతులతో తనే తుడిచిపెట్టేశాడు. దేవికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఎక్కడికైనా పారిపోదామనిపించింది. కానీ సాయంత్రానికి తిరిగి రావలసిందే కదా.

కింది ఫ్లాటులో హరికిషన్ ఉంటాడు. ఇన్సూరెన్సు ఉద్యోగి. ఎవరికి ఏ కష్టమొచ్చినా అందుకు తగిన బంధువొకడు అతనికి ఉంటాడు. సన్యాసిరాజు డిస్కు పట్టుకుని అతని దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు.

"పరేషాన్ గాకు అన్నా" అన్నాడు హరికిషన్. "మా బామ్మర్దికి పార్క్‌లేన్‌ల కంప్యూటర్ల దుకాణముంది. గిసొంటివి రోజూ జూస్తడు. నేను తీస్కపోతా. నువ్వు ఇంట్ల జెర నార్మల్‌గుండు."

నార్మల్‌గా ఉండటం సన్యాసిరాజు వల్ల కాలేదు. భోజనంలో పప్పు అనుకుని నీళ్లు కలుపుకున్నాడు. ఫొటోలు ఏమయ్యాయని దేవి అడిగితే "ఎక్కుతున్నాయి" అన్నాడు. హరికిషన్ ఫోను రాగానే బాత్రూములోకి దూరి గడియ వేసుకున్నాడు. తలుపు బయట తువ్వాలు ఆరేస్తున్న దేవికి ఇటు మాటలు మాత్రమే వినిపించాయి.

"ఓపెన్ చేస్తారా?... బతికే ఆశ ఉందా?... లేదు, ఇంట్లో చెప్పలేదు. అత్తయ్యగారు తట్టుకోలేరు."

దేవి తువ్వాలు అక్కడే వదిలేసింది. అమ్మ తట్టుకోలేనిదంటే అది నాన్న సంగతే అయి ఉండాలి. విజయనగరంలో నాన్నకి ఫోను చేసింది. ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు. వెంటనే కల్యాణ్‌కి చేసి భోరున ఏడ్చింది.

సాయంత్రం రావలసిన వాళ్లు మిట్టమధ్యాహ్నమే వచ్చిపడ్డారు. కల్యాణ్ రాత్రి రైలు టిక్కెట్ల కోసం ఫోన్లు చేస్తున్నాడు. బాలమ్మ అచ్చియమ్మను పట్టుకుని "ధైర్యం జెయ్యి వదినా" అంటోంది. దేనికి ధైర్యం చెయ్యాలో తెలియక అచ్చియమ్మ ముందు జాగ్రత్తగా ఏడుస్తోంది. ఇంతమంది ఏడుపు విని సన్యాసిరాజు పడగ్గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమైంది?"

"ఇంకా దాస్తారేంటండీ? మా నాన్నకి గుండె ఆపరేషన్ కదూ!" అంది దేవి.

ఇక దాచి లాభం లేదు. "ఆపరేషను మావయ్యగారికి కాదు, హార్డ్ డిస్కుకి. కల్యాణ్ పెళ్లి ఫొటోలు పోయాయి. నేనే చెరిపేశాను" అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ముందు అనుపమ గొంతు వినిపించింది. "అన్నీనా అన్నయ్యా? ఒక్కటి సుత మిగల్లేదా?"

"ఒక్కటి కూడా."

"దేవుడున్నడు!" అంది అనుపమ. "బ్యూటీ పార్లరామె గంత పౌడర్ కొట్టింది. ఫొటోలల్ల సున్నమేసిన గోడ లెక్క ఉన్న నేను. నిద్ర పడ్తలేదు నాకు."

"నేను తాళి కట్టేటప్పుడు ఏడ్చాను బావగారూ" అన్నాడు కల్యాణ్ మెల్లిగా. "ఆఫీసులో చూపించమని ప్రాణాలు తీస్తున్నారు."

అచ్చియమ్మ, బాలమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్లిలో తనను సరిగా పలకరించలేదని అచ్చియమ్మ అలిగి పెళ్లంతా అటు తిరిగి కూర్చుంది. బాలమ్మ ఊరుకోకుండా అందరి ముందూ కడిగేసింది. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు. ఇప్పుడు ఒకరి పచ్చళ్లు లేనిదే ఇంకొకరికి ముద్ద దిగదు.

"ఫొటోలల్ల మిగల్లే. మనసుల సుత మిగలొద్దు వదినా" అంది బాలమ్మ.

"పీడ పోనాది" అంది అచ్చియమ్మ. వెళ్లి స్వయంగా కాఫీ కలిపి తెచ్చి అల్లుడి చేతికిచ్చింది. "తాగండి బాబూ. మొహం పీక్కుపోయింది."

దేవి మళ్లీ ఫోను చేస్తే, నిద్రలో ఉండి ఎత్తలేదన్నాడు తండ్రి. ఆమె కళ్లు తుడుచుకుని, నాన్న క్షేమంగా ఉన్నాడు, అది చాలంది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన వల్ల ఇంతమంది ఒకేసారి సంతోషించడం సన్యాసిరాజు ఎన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి.

అప్పుడే హరికిషన్ ఆయాసపడుతూ లోపలికొచ్చాడు.

"దొరికినయన్నా! ఒక్కటి సుత పోలే! మా బామ్మర్ది ఇంటింటికి ఇయ్యమని సీడీలు గూడ కొట్టిండు!"

ఎవరూ అడగకుండానే ఒక సీడీ టీవీ కింది ప్లేయర్లో పెట్టాడు. తెర నిండా అచ్చియమ్మ వీపు వచ్చింది. దానివైపు చాచిన బాలమ్మ వేలు. వెనకాల తెల్లటి అనుపమ, ముక్కు తుడుచుకుంటున్న కల్యాణ్.

"అంత వేలు చూపించీసేవేటి వదినా, నా వీపుకి?"

"మొకం ఇటు పెడితే మొకానికే చూపెడ్తుంటి!"

అనుపమ కొంగు మొహాన కప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కల్యాణ్ టీవీ ఆపడానికి రిమోటు వెతుకుతున్నాడు. దేవి మొగుడివైపు చూసిన చూపుకి అతను తల దించుకున్నాడు.

అల్లుడిగా సన్యాసిరాజు సంపాదించుకున్న మంచిపేరు సరిగ్గా కాఫీ చల్లారేంతసేపు నిలిచింది.